పాత బాట ఎటు పోయింది? - సిరొంచ రహదారి జాడలు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ సంఘం వారు నన్ను పాఠశాల చరిత్రను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మన పాఠశాల చరిత్ర 75 సంవత్సరాలది. దానిని ఈ సంచికలోని నివేదికలు, ఛాయాచిత్రాలు, పూర్వ విద్యార్థుల జ్ఞాపకాలు నాకంటె చక్కగా చెప్పగలవు. కాని ఈ బడి పుట్టడానికి ముందే పుట్టి, ఈ బడికి కారణమైనది మరొకటి ఉన్నది. అది మన దారి. అందువలన ఈనాడు నేను సిరొంచ మీదుగా పోయిన పాత రహదారిని గురించి మాట్లాడదలచుకున్నాను.

దారికి, బడికి సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. నాగపూరు, పుణె వైపు నుండి బదిలీపై వచ్చిన ప్రతి అధికారి మొదట అడిగే ప్రశ్న ఒకటే: "మహారాష్ట్రలో తెలుగు బడి ఏమిటి?" వరంగల్లు, కరీంనగరం వైపు నుండి వచ్చే బంధువులు అడిగేదీ ఒకటే: "అంత అడవిలో తెలుగు ఎక్కడిదమ్మా?" ఇరువురికీ చెప్పవలసిన సమాధానం ఒక్కటే. మనము ఎక్కడి నుండో ఇక్కడికి వలస వచ్చిన వారము కాము. మన ఊరి మీదుగా దారి పోయింది, ఆ తరువాత దారికి అడ్డంగా సరిహద్దులు వచ్చాయి. ఈ మాటను పిల్లలు కంఠస్థం చేస్తే చాలదు. తమ ఊరి నేలమీద జాడలను చూచి తామే గ్రహించాలి. నేటి ప్రసంగం ఉద్దేశ్యం అదే.

రెండు రహదారుల కూడలి

ముందుగా నేటి స్థితిని చూద్దాము. సిరొంచ వద్ద రెండు జాతీయ రహదారులు కలుస్తున్నాయి. ఒకటి పడమటి నుండి తూర్పునకు పోయేది. నిజామాబాదు, ఆర్మూరు, జగిత్యాల, మంచిర్యాల, చెన్నూరు మీదుగా వచ్చి, సిరొంచ, పాతగూడెం దాటి, భోపాలపట్నం, బీజాపూరు మీదుగా జగదల్‌పూరుకు పోతుంది. పెద్దలందరూ దీనిని 16వ నంబరు జాతీయ రహదారిగా ఎరుగుదురు. ఆనాటి లెక్కలో దాని పొడవు 460 కిలోమీటర్లు. అందులో ఆంధ్రప్రదేశ్‌లో 220, ఛత్తీస్‌గఢ్‌లో 210 కాగా, మన మహారాష్ట్రలో ఉన్నది కేవలం 30 కిలోమీటర్లు. ఆ 30 కిలోమీటర్లే మన సిరొంచ, అంకీసా, అసరెల్లి, పాతగూడెం దారి. 2010లో దేశమంతటా రహదారుల నంబర్లు మార్చినప్పుడు ఇది 63వ నంబరులో చేరింది. 16వ నంబరు చెన్నపట్నం నుండి కలకత్తాకు పోయే సముద్రతీరపు రహదారికి వెళ్లిపోయింది. ఇప్పుడు పాత పుస్తకంలో 16వ నంబరు చూచి మన పిల్లవాడు పటం తెరిస్తే విజయవాడలో తేలుతాడు. దారి వెతుకులాటలో మొదటి పాఠం ఇదే. నంబరును నమ్మకూడదు, ఊళ్ల పేర్లను నమ్మాలి.

రెండవది ఉత్తరం నుండి దక్షిణానికి పోయేది. సాకోలి నుండి దేసాయిగంజ్, గడ్చిరోలి, ఆలాపల్లి మీదుగా సిరొంచకు వచ్చి, గోదావరి దాటి కాళేశ్వరం, భూపాలపల్లి, పరకాల మీదుగా ఆత్మకూరు వరకు పోతుంది. దీని నంబరు 353-సి.

ఈ రెండూ కలిసేచోట మన ఊరు ఉన్నదని మనము గర్వపడుతున్నాము. కాని నిజానికి ఊరు దారుల కూడలిలో పుట్టలేదు. నదుల కూడలిలో పుట్టింది. దారులు తరువాత వచ్చాయి.

నదియే తొలి రహదారి

వార్ధా, వైన్‌గంగా నదులు కలిసి ప్రాణహితగా మారి, 113 కిలోమీటర్లు ప్రవహించి, మన ఊరి చెంత గోదావరిలో కలుస్తున్నాయి. ఇంకొంత దిగువన సోమనూరు వద్ద ఇంద్రావతి వచ్చి చేరుతుంది. మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ మూడూ అక్కడ ఒకదానినొకటి చూచుకుంటాయి.

ఆవలి ఒడ్డున కాళేశ్వరం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు గల క్షేత్రం అది. శ్రీశైలం, ద్రాక్షారామం, కాళేశ్వరం - ఈ మూడు లింగాల నడుమ ఉన్న నేల త్రిలింగ దేశమని, దాని నుండి తెలుగు అనే మాట వచ్చిందని పెద్దలు చెప్పుకునే వాడుక ఉన్నది. ఆ మాట వ్యుత్పత్తిని భాషావేత్తలు అంగీకరించినా, అంగీకరించకపోయినా, ఆ వాడుకలో ఒక భౌగోళిక సత్యం ఉన్నది. తెలుగునాటి ఉత్తరపు గుమ్మం కాళేశ్వరమైతే, ఆ గుమ్మానికి ఎదురుగా ఉన్న అరుగు మన సిరొంచ. యాత్రికుడు సంగమ స్నానానికి ఏ ఒడ్డు నుండి దిగినా నీరు ఒకటే. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలలో ఇరుదరులా ఒకే భాషలో సంకల్పం చెప్పుకున్న జనాన్ని మీరందరూ చూచినవారే.

యాత్ర తరువాత వర్తకం. 19వ శతాబ్దంలో ఇంగ్లీషువారి కన్ను ఈ నదిపై పడింది. ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కు ఆనకట్ట పూర్తిచేశాడు. ఆ నదినే పైకి పట్టుకుని పోతే విదర్భ పత్తిని పడవల మీద సముద్రానికి చేర్చవచ్చునని ఆయన ఆలోచన. ఎఫ్.టి. హేగ్ అనే ఇంజనీరు నదిని పరిశీలించి 1856లో నివేదిక వ్రాశాడు. అడ్డు మూడు చోట్ల వచ్చింది. నీటి అడుగున పెద్ద పెద్ద రాతి పట్టీలు ఉండి, వరద తగ్గితే పడవ సాగదు. మొదటి అడ్డు దుమ్ముగూడెం వద్ద, రెండవది ఇంద్రావతి సంగమానికి చేరువనున్న ఇచ్చంపల్లి వద్ద, మూడవది ప్రాణహిత మీద అహేరి దగ్గరి దేవలమర్రి వద్ద. రెండవ అడ్డుకు, మూడవ అడ్డుకు నడుమనున్న పెద్ద ఊరు ఏది? మన సిరొంచ.

అడ్డు ఉన్నచోట ఏమి చేస్తారు? సరుకు దించుతారు. ఒడ్డు వెంట బండ్ల మీద తరలించి, అడ్డు దాటిన తరువాత మళ్లీ పడవకు ఎక్కిస్తారు. అంటే పడవ ఆగిన ప్రతిచోట ఒక బండ్ల బాట పుడుతుంది. నది వెంట తెగి తెగి సాగే ఆ బాటలు ఒకదానితో ఒకటి కలిస్తే రహదారి అవుతుంది. మన పాత రహదారికి బీజం అక్కడ ఉన్నదని నా అభిప్రాయం.

1858 నాటికే ఈ నది వెంట తంతి శాఖ వారి శిబిరాలు ఉండేవి. ఆ సంవత్సరం ఏప్రిల్ 29న మోలంపల్లి జమీందారు బాబూరావు శెడ్మాకే అనుచరులు ప్రాణహిత ఒడ్డున చించగుండి వద్ద తంతి శాఖ ఉద్యోగుల శిబిరంపై దాడి చేయగా గార్ట్‌లాండ్, హాల్ అనే ఇద్దరు మరణించారు. అక్టోబరు 21న శెడ్మాకేను చాందాలో ఉరితీశారు. పిల్లలు ఈ వీరుని కథను పాఠ్యపుస్తకంలోని వేరే ఊరి కథగా చదువుతారు. అది మన దారి మీద జరిగిన కథ. దారి వస్తే దానితో పాటు పాలకుడు వస్తాడని, వాని తీగ వస్తుందని గోండు వీరునికి ముందుగానే తెలిసింది.

జిల్లా కేంద్రంగా సిరొంచ

1860లో నిజాం నవాబుతో జరిగిన ఒడంబడిక ప్రకారం గోదావరి ఎడమ దరి తాలూకాలు ఇంగ్లీషువారి చేతికి వచ్చాయి. వాటితో ఎగువ గోదావరి జిల్లా అనే కొత్త జిల్లా ఏర్పడింది. సిరొంచ దానికి ముఖ్య పట్టణం. డిప్యూటీ కమిషనరుగా ఉన్న గ్లాస్‌ఫర్డ్ ఇక్కడి నుండే బస్తరును గురించి 1862లోనూ, ఈ జిల్లా భూమి శిస్తును గురించి 1868లోనూ నివేదికలు వ్రాశాడు.

ఆ జిల్లాలో ఏయే ప్రాంతాలు ఉండేవో పిల్లలు శ్రద్ధగా వినాలి. సిరొంచ, చెర్ల, ఆలుబాక, నూగూరు, భద్రాచలం, రేకపల్లి. ఒకే కచేరి, ఒకే నది, ఒకే భాష. 1874లో ఆ జిల్లాను రద్దుచేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు, మిగిలినవి చాందా జిల్లాకు పోయాయి. 20వ శతాబ్ది మొదటి దశకంలో నూగూరు, ఆలుబాక, చెర్ల కూడ మద్రాసు వైపు మారాయి. సిరొంచ ఒక్కటే మధ్యపరగణాలలో మిగిలింది. నేడు సిరొంచ మహారాష్ట్రలోను, భద్రాచలం, చెర్ల తెలంగాణలోను, 2014 తరువాత రేకపల్లి ఆంధ్రప్రదేశ్‌లోను ఉన్నాయి. 14 ఏళ్లు ఒకే ఇల్లుగా ఉన్నవారు మూడు రాష్ట్రాల పౌరులైనారు. ఎవరూ తమ ఊరు విడిచి కదలలేదు.

నదీమార్గం ఏమైంది? 1867లో బొంబాయి నుండి రైలు నాగపూరుకు చేరింది. పత్తి ఆ దారిన సముద్రానికి పోసాగింది. లక్షలాది రూపాయలు ఖర్చయిన తరువాత 1871లో నదీమార్గపు పనులను విరమించారు. దుమ్ముగూడెం ఆనకట్ట మిగిలింది, మన వైపు రాళ్లు మిగిలాయి. 1929 నాటికి కాజీపేట, బల్లార్షా రైలుమార్గం పూర్తయి ఢిల్లీకి, మద్రాసుకు సూటి దారి ఏర్పడింది. అది మంచిర్యాల మీదుగా పోయింది. సిరొంచ ప్రక్కకు తప్పిపోయింది. ఒకప్పటి జిల్లా కేంద్రం అడవి అంచున ఒక తహశీలుగా మిగలడానికి కారణం ఇక్కడి జనం మందకొడితనం కాదు. దారి మారడం.

మన బడి మొదలైన రోజులకు మధ్యపరగణాలు మధ్యప్రదేశ్ అయినవి. 1956లో మన ప్రాంతం బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1960లో మహారాష్ట్ర ఏర్పడింది. 1982 ఆగస్టు 26న చంద్రపూరు జిల్లా నుండి గడ్చిరోలి జిల్లా విడిపడింది. బడి గది మారలేదు, నల్లబల్ల మారలేదు. గోడమీది రాష్ట్ర పటం మాత్రం మూడుసార్లు మార్చవలసి వచ్చింది.

ఊరిలో పాత బాటను గుర్తించుట ఎట్లు?

ఇక అసలు విషయానికి వస్తాను. పాత రహదారి ఊరి నడుమ ఏ వీధిన పోయిందో తెలుసుకోవడం ఎట్లు? ఇది పిల్లలు చేయదగిన పని. పుస్తకాలు కొని చేయవలసిన పని కాదు. కళ్లు, కాళ్లు, ఓపిక ఉంటే చాలు.

మొదటి సూత్రం: నది ఒడ్డు ఊరిలో పాత దారి ఎల్లప్పుడు రేవులోనే ముగుస్తుంది. వంతెన కట్టేవాడు గట్టి పునాదిని, వరద మట్టానికి ఎత్తైన ఒడ్డును చూస్తాడు. పడవ నడిపేవాడు చూచేది వేరు. ఒడ్డు దాకా లోతైన నీరు ఉండాలి, బండి దిగడానికి ఏటవాలు నేల ఉండాలి, వడి తక్కువగా ఉండాలి. ఈ రెండు అవసరాలు ఒకే చోట కుదరడం అరుదు. కనుక వంతెన వైపు పోయే నేటి వెడల్పు రోడ్డు పాత దారి కానక్కరలేదు. రేవుకు దిగే సన్నని వీధి పాత రహదారి కావచ్చు.

రెండవ సూత్రం: పాలకుని గుర్తులు దారి మీదనే ఉంటాయి. సిరొంచలో ప్రాణహిత ఒడ్డున పాత కోట ఉన్నది, ఇంగ్లీషువారి కాలపు విశ్రాంతి గృహం ఉన్నది. కోటవాడు రేవును కాచేవాడు. అధికారి పడవ దిగి నేరుగా బంగళాకు పోయేవాడు. కోట, రేవు, బంగళా, కచేరి, సంత - ఈ అయిదింటిని పటంలో చుక్కలుగా పెట్టి గీతతో కలపండి. పాత రహదారి ఆ గీతకు ఎంతో దూరంలో ఉండదు.

మూడవ సూత్రం: ఎడ్లబండి రోజుకు పది పన్నెండు మైళ్లు నడుస్తుంది. ఆ దూరానికి ఒక మజిలీ ఉండాలి. మజిలీలో బావి ఉండాలి, నీడ ఉండాలి. చింత, మర్రి, మామిడి వరుసగా కనబడితే అవి అడవి పెంచినవి కావు, బాటసారి కొరకు మనిషి నాటినవి. టేకు అడవి నడుమ మామిడి వరుస కనిపిస్తే అక్కడ ఆగి నేలను చూడాలి. ఆలాపల్లి నుండి రేపన్‌పల్లి, జిమలగట్ట, బామ్ని మీదుగా సిరొంచకు సుమారు 100 కిలోమీటర్లు. బండికి అది వారం రోజుల ప్రయాణం. అన్ని రాత్రులు ఎక్కడో ఒకచోట బండి విప్పి ఉండాలి కదా.

నాలుగవ సూత్రం: రాయి చెప్పే సాక్ష్యం. మన దేశంలో దూరాలను కిలోమీటర్లలోనికి మార్చినది 1956 తరువాతనే. మైళ్లు చెక్కిన రాయి కనబడితే అది అంతకు పూర్వపు దారిని చూపుతున్నదని భావించవచ్చు. రాయిని ఎవరైనా పెరికి అరుగు మెట్టుగా వేసుకొని ఉండవచ్చు. కనుక ఒక్క రాయిని చూచి తీర్పు చెప్పకూడదు. రెండు మూడు రాళ్లు ఒకే వరుసలో దొరకాలి. వాగుల మీది పాత తూములను కూడ చూడాలి. తారు రోడ్డు ప్రక్కన పొదలలో సున్నంతో కట్టిన రాతి తూము ఒంటరిగా నిలిచి ఉంటే, బాట ప్రక్కకు జరిగిందని అర్థం.

అయిదవ సూత్రం: కాగితం. మన ఇండ్లలో సాత్‌బారా ఉతారా లేనివారు లేరు. పొలం హద్దులలో బండ్ల బాట ఏ దిక్కున ఉన్నదో పాత దస్తావేజులలో వ్రాసి ఉంటుంది. తలాఠీ వద్ద గ్రామ పటంలో బాట రెండు గీతలుగా కనబడుతుంది. దున్నిన పొలంలో దారి మాయమైనా పటంలో మాయం కాదు.

ఆరవ సూత్రం: ఊళ్ల పేర్లు. ఇవి అన్నిటికంటె గట్టి సాక్షులు. పాతగూడెం, పోచంపల్లి, పెంటిపాక, రేగుంట, జిమలగట్ట. గూడెం, పల్లి, పాక, కుంట, గట్టు - వీటికి నిఘంటువు అక్కరలేదు. పేరు పెట్టినవాడు తెలుగు మాట్లాడేవాడు, లేదా తెలుగువానితో నిత్యం వ్యవహరించేవాడు. వీటి నడుమ గోండీ పేర్లు, మరాఠీ పేర్లు కలిసి ఉన్నాయి. దారి వెంట నడిచినవారు ఎవరో ఆ కలయికే చెబుతుంది.

చివరి సూత్రం వరద నేర్పినది. 1986 ఆగస్టులో, 2022 జులైలో గోదావరి ఎంత ఎత్తుకు వచ్చిందో మీకు తెలుసు. భద్రాచలం వద్ద మొదటిసారి 75.6 అడుగులు, రెండవసారి 71.3 అడుగులు నమోదైంది. వానకాలంలో బండి నడవాలంటే బాట మిట్ట వెంటనే పోవాలి. కాబట్టి వరద ఎక్కడి వరకు వచ్చి ఆగిందో ఊరి పెద్దలను అడిగి గుర్తుపెట్టండి. ఆ గుర్తులకు పైనున్న మిట్ట వెంట వెతకండి.

భామ్రాగడ్ వైపు బాట

సిరొంచ వారికి దారి మారిన బాధ. భామ్రాగడ్ వారికి చాలకాలం దారే లేని బాధ. పర్లకోట, పాముల గౌతమి, ఇంద్రావతి కలిసేచోట ఆ ఊరు ఉన్నది. పాముల గౌతమి అనే పేరు చెవిన పడగానే మన గోదావరికి మరొక పేరైన గౌతమి గుర్తుకు వస్తుంది. మాడియా గోండుల నేలమీద పారే ఏటికి తెలుగు చెవికి ఇంత దగ్గరగా పేరు ఉండడం వింత కాదు. తునికాకు, ఉప్పు, బట్ట, పశువులు ఈ అడవిదారుల వెంటనే చేతులు మారాయి.

1973 డిసెంబరు 23న బాబా ఆమ్టే భామ్రాగడ్ చేరువనున్న హేమల్‌కసాలో లోక్ బిరాదరీ ప్రకల్పాన్ని ప్రారంభించారు. డాక్టరు ప్రకాశ్ ఆమ్టే, డాక్టరు మందాకినీ ఆమ్టే దంపతులు అక్కడ వైద్యం, చదువు నెలకొల్పారు. ఆ రోజులలో వానకాలమంతా వాగులు పొంగి ఆ ప్రాంతానికి ప్రపంచంతో సంబంధం తెగిపోయేది. రోగిని మంచం మీద మోసుకొని రోజుల తరబడి నడిచి వచ్చేవారు. దారి అంటే అక్కడ వర్తకం కాదు, ప్రాణం. ఇప్పుడు ఆలాపల్లి నుండి భామ్రాగడ్, లాహేరి మీదుగా నారాయణ్‌పూరు, కొండగావు వైపు పోయే దారికి 130-డి అనే జాతీయ రహదారి నంబరు ఇచ్చారు. పటంలో నంబరు పడినంత మాత్రాన వాగు మీద వంతెన పడదని ఆ ప్రాంతం నుండి మన వద్దకు వచ్చిన పిల్లలు ఎరుగుదురు. వారి తాతలు నడిచిన కాలిబాట ఎక్కడ వాగు దాటేదో, ఎక్కడ మిట్ట ఎక్కేదో వారికే తెలుసు. ఆ తెలివిని కాగితం మీద పెట్టడం కూడ మన పనే.

వంతెన వచ్చిన తరువాత

మన చిన్ననాట కాళేశ్వరం పోవాలంటే నాటుపడవ ఎక్కవలసిందే. ఎండాకాలంలో ఇసుకలో నడచి, పాయలో మోకాలిలోతు నీరు దాటవలసిందే. 2016 డిసెంబరు చివర గోదావరిపై వంతెన ప్రారంభమైంది. ప్రాణహిత మీద కూడ వంతెన వచ్చింది. 2019 జూన్‌లో మేడిగడ్డ వద్ద ప్రారంభించిన ఆనకట్ట మీదుగా మరొక దారి ఏర్పడింది. ఆ ఆనకట్ట స్తంభాలు కొన్ని 2023 అక్టోబరులో కుంగిపోయాయి. 1871లో ఒకసారి, ఇప్పుడు ఒకసారి, నదితో పనిచేసేవారికి నది పాఠం చెప్పింది.

వంతెన వలన మేలు జరిగిందనడంలో సందేహం లేదు. సిరొంచ నుండి మన జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్లకు పైబడి ఉన్నది. వరంగల్లు దానిలో సుమారు సగం దూరమే. పురిటినొప్పులతో ఉన్న తల్లికి ఈ లెక్క ఎంత విలువైనదో నేను చెప్పనవసరం లేదు. పడవ తిరగబడుతుందేమోనన్న భయం తీరింది. అయితే, వంతెన వచ్చిన నాటి నుండి రేవు వీధి నిర్మానుష్యమైంది. పడవ నడిపిన కుటుంబాలు వేరే పనులు వెతుక్కున్నాయి. పడవవానికి నది అడుగున ఏ రాయి ఎక్కడ ఉన్నదో తెలుసు. ఆ విద్య ఏ పుస్తకంలోను లేదు. మరొక పాతికేళ్లు పోతే పాత రహదారి ఎటు పోయిందో చెప్పగలవారు ఎవరూ ఉండరు.

ఈ సందర్భంలో తల్లిదండ్రులతో ఒక మాట మనసు విప్పి చెప్పాలి. మీలో కొందరు నా వద్దకు వచ్చి, "తెలుగు చదివిస్తే మా బిడ్డకు ఏ దారి ఉన్నదమ్మా?" అని అడుగుతున్నారు. ఉద్యోగానికి మరాఠీ కావాలి, పై చదువుకు ఇంగ్లీషు కావాలి, తెలుగెందుకు అన్నది మీ బాధ. అది న్యాయమైన బాధే. దానిని తేలికగా తీసిపారవేయను. తరగతిలో బల్లలు ఖాళీ అవుతున్న సంగతి నాకంటె ఎక్కువగా ఎవరికి తెలుసు?

కాని మన దారిని చూడండి. 353-సి రహదారి మీద సిరొంచ నుండి ఉత్తరానికి పోతే మరాఠీ, దక్షిణానికి పోతే తెలుగు. 63వ రహదారి మీద తూర్పునకు పోతే హిందీ, గోండీ. దారి ఏనాడూ ఒక్కవైపే పోయేది కాదు. ఒక్కవైపే పోయేదానిని దారి అనరు. ఇంట తెలుగు, సంతలో గోండీ, కచేరిలో మరాఠీ మాట్లాడి నెగ్గుకు వచ్చిన తాతల మనుమలము మనము. అందుచేత మన బిడ్డను ఏదో ఒక భాష ఎన్నుకొమ్మని అడగడమే తప్పు. మొదటి అక్షరం ఇంటి భాషలో గట్టిగా నాటుకుంటే రెండవ భాష, మూడవ భాష దాని మీద నిలుస్తాయి. ఉపాధ్యాయ వృత్తిలో నేను చూచినది అదే. మరాఠీని మనము పొరుగు భాషగా కాదు, మన రాష్ట్ర భాషగా శ్రద్ధతో నేర్పుతున్నాము. ఇకమీదట ఇంకా బాగా నేర్పుతాము. తెలుగును మాత్రం వదులుకొనవలదు. ఒక గుమ్మం మూసివేసి మరొక గుమ్మం తెరిచామని సంతోషించడం ఇల్లు కట్టినవాని లక్షణం కాదు.

ఒక విన్నపం

ప్లాటినం జూబిలీ గుర్తుగా కొందరు శిలాఫలకం వేయిద్దామన్నారు, కొందరు తోరణం కట్టిద్దామన్నారు. వాటికి నేను అడ్డు చెప్పను. వాటితో పాటు ఒక పటం కూడ కావాలని నా కోరిక. సిరొంచ నుండి నాలుగు దిక్కులా పోయిన పాత బాటల పటం. రేవులు, మజిలీలు, బావులు, చెట్ల వరుసలు, మైలురాళ్లు, సంత స్థలాలు, వరద గుర్తులు అన్నీ అందులో ఉండాలి. పేర్లు తెలుగులోను, మరాఠీలోను, వీలైనచోట గోండీలోను వ్రాయాలి. పై తరగతుల పిల్లలు ఆదివారాలలో నడిచి చూస్తారు. ఉపాధ్యాయులు వెంట ఉంటారు. చూచినదే వ్రాయాలి. విన్నదైతే ఎవరి నోట విన్నామో ప్రక్కన వ్రాయాలి. ఊహ అయితే ఊహ అని వ్రాయాలి. ఈ మూడింటి తేడా తెలిసిన పిల్లవాడు రేపు ఏ కళాశాలకు పోయినా తలవంచడు.

పూర్వ విద్యార్థులకు నా మనవి. మీలో హైదరాబాదులో ఉన్నవారు ఉన్నారు, నాగపూరులో, చంద్రపూరులో, బల్లార్షాలో ఉన్నవారు ఉన్నారు. మీ ఇండ్లలో పాత దస్తావేజులు, పాత ఫొటోలు ఉంటే నకలు పంపండి. ఊరికి వచ్చినప్పుడు మీ తాతను, నానమ్మను ప్రక్కన కూర్చోబెట్టుకొని, మొదటిసారి ఆవలి ఒడ్డుకు ఎట్లా పోయారు, పెండ్లిబండి ఏ దారిన వచ్చింది, సంతకు ఏ వాగు దాటారు అని అడిగి వ్రాసి పంపండి. పెండ్లిబండి దారి చెప్పలేని నానమ్మ ఉండదు. ఇంజనీరు పటంలో లేనిది ఆమె మాటలో ఉంటుంది. ఆలస్యం మాత్రం చేయకండి. రాయి ఇంకొక వందేళ్లు ఉంటుంది, మనుషులు అన్నాళ్లు ఉండరు.

ఈ బడిని నిలబెట్టిన తొలితరం పెద్దలు బురదలో నడిచి, పడవ దాటి, బండి మీద పలకల పెట్టె తెచ్చి పాఠం చెప్పారు. వారు వచ్చిన దారిని మనము గుర్తుపెట్టుకోవడం వారికి చెల్లించగల కనీస ఋణం. పటం పని రాబోయే ఆదివారం ఉదయం ఏడు గంటలకు, ప్రాణహిత రేవు వద్ద మొదలవుతుంది. పిల్లలు నీళ్ల సీసా, నోటుపుస్తకం, టోపీ తెచ్చుకోవాలి. వెంట రాగలిగిన తల్లిదండ్రులకు కూడ ఇదే నా ఆహ్వానం.